టెర్పియోస్ హోషినోటా

టెర్పియోస్ హోషినోటా పొరిఫెరా వర్గము, డెమోస్పాంజియే విభాగము, సుబెరిటిడే కుటుంబమునకు చెందిన సముద్రపు స్పంజిక. ఇది సజీవ పగడాలపై పలుచని పొరలా పాకి వాటిని చంపుతుంది. 1973లో గువామ్ దీవి వద్ద దీని వ్యాప్తిని గురించి బ్రయాన్ అనే పరిశోధకుడు ప్రచురించాడు. 1993లో క్లాస్ రుట్జ్లర్, కేథరిన్ ముజిక్‌లు దీనిని కొత్త జాతిగా వర్ణించి, జపాన్ స్పంజిక శాస్త్రజ్ఞుడు హోషినో పేరు పెట్టారు.

వర్ణన
పొర మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. రంగు బూడిద నుండి నలుపు వరకు ఉంటుంది. ఉపరితలంపై సన్నని కాలువలు ఆకు ఈనెల వలె వచ్చి ఆస్కులం వద్ద కలుస్తాయి. కణజాలంలో దాదాపు సగభాగం సయనోబాక్టీరియాలే. నల్లని రంగుకు కారణం అవే. నీడ కల్పించినప్పుడు దీని పెరుగుదల ఆగిపోవటం ప్రయోగాలలో గమనించారు.

గుర్తించుట
కంటితో చూసి నిర్ధారించటం కష్టం. నల్లపట్టీ వ్యాధి సోకిన పగడంపై సన్నని నల్లని పట్టీ కదులుతూ, వెనుక తెల్లని అస్థిపంజరాన్ని వదులుతుంది. ఈ స్పంజిక అలా కాక పగడాన్ని దుప్పటిలా కప్పివేస్తుంది. పొర పలుచన కాబట్టి పగడపు గూళ్ల ఆకారం పైకి కనిపిస్తూనే ఉంటుంది. అయినా తొలుత దీనిని వ్యాధి అనే భావించి "నల్ల వ్యాధి" అన్నారు.

నిర్ధారణకు చిన్న ముక్కను నత్రికామ్లంలో గాని బ్లీచింగు ద్రవంలో గాని ఉంచితే కణజాలం కరిగి, సిలికా కంటకాలు మిగులుతాయి. సూక్ష్మదర్శినిలో ఇవి గుండుసూదుల వలె కనిపిస్తాయి. వీటిని టైలోస్టైల్ అంటారు. గుండ్రటి తలకు బదులు నాలుగు తమ్మెలుగా చీలిన తల ఉండటం ముఖ్య లక్షణం. సూక్ష్మ కంటకాలు ఉండవు.

వ్యాప్తి
గువామ్ వద్ద ఇది నెలకు సగటున 23 మిల్లీమీటర్లు ముందుకు పాకినట్లు కొలిచారు. తరువాత జపాన్‌లోని ర్యూక్యూ దీవులు, తైవాన్, ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్, మాల్దీవులలో కనిపించింది. భారతదేశంలో తమిళనాడు తీరాన పాక్ అఖాతపు పగడాలపై ఉన్నట్లు 2015లో ప్రచురితమైంది. ఆంధ్ర తీరంలో గోదావరి, కృష్ణ నదులు తెచ్చే ఒండ్రు వల్ల పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడలేదు. కావున తెలుగు విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ పాక్ అఖాతమే. పాఠ్యపుస్తకాలలోని సైకాన్, స్పంజిల్లాలు చదివినవారికి స్పంజికలు నిరపాయకరమైన జీవులనే అభిప్రాయం కలగటం సహజం. ఈ జాతి మాత్రం దిబ్బపై చోటు కోసం పగడంతో పోటీపడి, తరచు గెలుస్తుంది.