టెలికాం కంపెనీ కుదేలైతే మన వెబ్‌సైట్ సంగతేంటి? హోస్టింగ్ తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

దుకాణం వెబ్‌సైట్ అయినా, స్కూల్ అడ్మిషన్ల పేజీ అయినా, న్యూస్ పోర్టల్ అయినా ఎక్కడో ఒక సర్వర్ మీదే నడవాలి. నెలకు ఎంత, స్పేస్ ఎంత అన్న రెండు ప్రశ్నలతోనే చాలామంది హోస్టింగ్ కొనేస్తుంటారు. ఆ కంపెనీయే దివాలా తీస్తే ఏంటన్న మూడో ప్రశ్న ఎవరికీ తట్టదు. అసలు అడగాల్సింది అదే.

గతం చెప్పే పాఠం

1990ల చివర్లో అమెరికా, యూరప్ కంపెనీలు అప్పులు తెచ్చి మరీ ఫైబర్ కేబుళ్లు, డేటా సెంటర్లు వేసుకున్నాయి. అనుకున్నంత గిరాకీ రాలేదు. అప్పట్లో హోస్టింగ్‌లో పెద్ద పేరున్న ఎక్సోడస్ కమ్యూనికేషన్స్ 2001 సెప్టెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. దాని ఆస్తుల్లో ఎక్కువ భాగం కొన్న కేబుల్ అండ్ వైర్‌లెస్ కూడా 2003 చివర్లో అమెరికా వ్యాపారం వదిలేసింది. తర్వాత అవి సావిస్ చేతికి వెళ్లాయి. అంటే కస్టమర్లు ఉన్నచోటే ఉన్నా, మూడేళ్లలోపే రెండుసార్లు యజమాని మారాడు.

2002 జులైలో వరల్డ్‌కామ్ కూలింది. అయితే కోర్టు రక్షణలో దాని సేవలు నడిచాయి. అదే ఏడాది మే నెలలో దివాలా తీసిన యూరప్ కంపెనీ కేపీఎన్‌క్వెస్ట్ నెట్‌వర్క్ మాత్రం ఆ తర్వాత మూతపడింది. దివాలా అంటే ప్రతిసారీ సర్వీస్ ఆగిపోతుందని కాదు, ఆగదన్న గ్యారంటీ కూడా లేదు.

మన దగ్గరా ఇదే జరిగింది. 2018లో ఎయిర్‌సెల్, 2019లో రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. గల్ఫ్ దేశాలను ముంబైతో కలిపే ఫాల్కన్ సముద్ర కేబుల్ యజమాని గ్లోబల్ క్లౌడ్ ఎక్స్‌చేంజ్ కూడా 2019 సెప్టెంబర్‌లో అమెరికా కోర్టు మెట్లెక్కింది.

కొనే ముందు అడగాల్సినవి

కంపెనీ లెక్కలు: స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ అయితే మూడు నెలలకోసారి ఫలితాలు ఇస్తుంది. లిస్టు కాకున్నా, వార్షిక లెక్కలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి చూడొచ్చు. వ్యాపారం కొనసాగడంపై ఆడిటర్ అనుమానం రాశారంటే జాగ్రత్త పడాలి.

డేటా సెంటర్ ఎవరిది: చాలా చిన్న కంపెనీలు పెద్దవాళ్ల దగ్గర అద్దెకు తీసుకుని తిరిగి అమ్ముతాయి. అలాంటప్పుడు పైవాడు పడినా ఇబ్బందే, మధ్యవాడు పడినా ఇబ్బందే.

ఎన్ని లైన్లు: ఒకే టెలికాం కంపెనీ లైన్ మీద ఆధారపడ్డ డేటా సెంటర్ వద్దు. కనీసం రెండు వేర్వేరు కంపెనీల లైన్లు, అవి కూడా వేర్వేరు దారుల్లో వచ్చేవి ఉండాలి.

హామీ అసలు అర్థం: 99.9 శాతం అప్‌టైమ్ అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు సైట్ ఆగినా మాట తప్పినట్టు కాదు. అంతకు మించితే ఇచ్చే పరిహారం మామూలుగా తర్వాతి బిల్లులో తగ్గింపు మాత్రమే. మూతపడ్డ కంపెనీ ఇచ్చే తగ్గింపుతో ఏం చేసుకుంటారు?

కొన్నాక చేయాల్సినవి

డొమైన్ పేరు సొంత పేరు మీద, సొంత ఈమెయిల్‌తో, వీలైతే వేరే కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. డొమైన్ చేతిలో ఉంటే సైట్‌ను ఇంకో సర్వర్‌కు మార్చుకోవడం పెద్ద పని కాదు. అది కూడా హోస్టింగ్ కంపెనీ పేరు మీదే ఉంటే సంవత్సరాల కష్టం ఇరుక్కుపోతుంది.

బ్యాకప్ అదే కంపెనీ దగ్గర పెడితే బ్యాకప్ కానట్టే. ఒక కాపీ వేరే చోట ఉంచి, అది నిజంగా తెరుచుకుంటుందో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి.

డిస్కౌంట్ ఆశతో మూడేళ్లు, ఐదేళ్ల డబ్బు ముందే కట్టొద్దు. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే ఆ డబ్బు కోసం క్లెయిమ్ పెట్టుకుని మిగతా అప్పులవాళ్లతో పాటు వరుసలో నిలబడాలి. సొంత సర్వర్‌ను వాళ్ల డేటా సెంటర్‌లో పెట్టినవారు కొన్న బిల్లు, సీరియల్ నంబర్ భద్రంగా దాచుకోవాలి. అది తమదేనని నిరూపించుకోవడానికి ఆ కాగితాలే ఆధారం.

సపోర్ట్ ఫోన్ ఎత్తకపోవడం, సిబ్బంది వరుసగా మానేయడం, కరెంటు లేదా లైన్ బకాయిల వార్తలు రావడం ప్రమాద సంకేతాలు. అవి కనబడ్డ రోజే డేటా దించుకోవాలి. సర్వర్ ఆగిపోయాక అడగడానికి అవతల ఎవరూ ఉండకపోవచ్చు.