మోగని నాణెం

నాణ్యత అనే మాటలో ఓ రూపాయి దాగుంది. సంస్కృతంలోని నాణకం మన దగ్గర నాణెమూ అయింది, నాణ్యమూ అయింది. నాణెమైన సరుకన్నా నాణ్యమైన సరుకన్నా ఒకటే. కుషాణుల నాణేల మీది ‘ననా’ దేవత పేరే నాణకానికి మూలమని కొందరి ఊహ. ముచ్చటగానే ఉంది గానీ, దాని మీద నేను పందెం కాయను. నాకు కావలసింది చివర అతికించిన ‘త’. అది తగిలాకే మాట అంగడి విడిచి ఆఫీసు ఫైళ్లలోకి చేరింది.

వెండి రూపాయిల కాలంలో షావుకారు చేతికొచ్చిన దాన్ని రాతి అరుగు మీద వేసి చూసేవాడు. ఖంగుమంటే గల్లాపెట్టెలోకి, మొద్దుగా పలికితే వెనక్కి. మరి జనాభా అంకెను ఏ రాతి మీద వేసి చూస్తాం? ఒప్పు అంకెకూ తప్పు అంకెకూ మోత ఒక్కటే. అందుకే గణాంక శాఖలు అంకెతో పాటు అది నడిచొచ్చిన దారినీ తనిఖీ చేస్తాయి. ఎన్ని ఇళ్లవాళ్లు తలుపు తీశారు, ఎన్ని గడులు ఖాళీగా మిగిలాయి, నివేదిక ఎన్నాళ్లకు బయటికొచ్చింది అని. 1930లలో బెంగాల్ జనపనార సాగు లెక్కకు గణాంకవేత్త మహలనోబిస్ ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపించారు. రెండు లెక్కలూ మరీ ఎడంగా వస్తే, అనుమానం చేను మీదికి కాదు, కొలిచిన చేతి మీదికి పోతుంది.

2011 జనగణన అయ్యాక కూడా ఎంపిక చేసిన బ్లాకులకు మళ్లీ వెళ్లి ఇంటింటి పేర్లూ సరిచూశారు. నికరంగా వెయ్యికి 23 మంది లెక్కకు రాలేదని తేలింది. అది పరువు తక్కువ అనుకునేవారు ఉండొచ్చు. నాకైతే ఆ జనగణన మీద నమ్మకం కలిగించింది ఆ 23 మందే.

ఆఫీసుల వార్షిక నివేదికల్లోనూ ‘పనితీరు’ అని ఓ అధ్యాయం ఉంటుంది. తీరు అంటే పద్ధతి, తీరడమంటే ముగియడం. చాలా నివేదికలు పని తీరిందని చెప్పి ఊరుకుంటాయి, తీరు ఊసెత్తవు.

మళ్లీ నాణకం దగ్గరికొస్తే, ఆ మాట కనిపించే పాత చోట్లలో యాజ్ఞవల్క్య స్మృతి ఒకటి. అక్కడ దొంగనాణెం చేసినవాడితో పాటు నాణక పరీక్షి కూడా బోనెక్కుతాడు. మంచి నాణేన్ని చెడ్డదన్నా, చెడ్డదాన్ని మంచిదన్నా అతనికి ఉత్తమ సాహసమనే జరిమానా. ఆ స్మృతి ప్రకారం 1080 పణాలు. వాటిని ఎవరు మోగించి చూసుకుని పుచ్చుకునేవారో మరి!