విడిచిన చేప బ్రతుకవలెను

గాలమునకు చిక్కిన చేప నిర్ణీత పరిమాణమునకు తక్కువదైనచో దానిని తిరిగి నీటిలో విడువవలెనను నియమము నేడు అనేక దేశముల సముద్రతీరములందు అమలులో ఉన్నది. పిల్ల చేప పెరిగి, ఒక్కమారైనను గ్రుడ్లు పెట్టిన తరువాతనే దానిని పట్టుట మేలనునది ఈ నియమమునకు మూలసూత్రము. వినుటకు ఇది బహు సులభముగా తోచును. కాని విడిచిన చేప బ్రతుకుచున్నదా? బ్రతుకనిచో ఆ నియమమువలన చేపకును లాభము లేదు, మనుష్యునకును లాభము లేదు; ఒకరి బుట్టలో పడవలసినది పీతల పాలగును, అంతే. ఈ చిన్న ప్రశ్నకు సమాధానము దొరకుటకు ఎంత కాలము పట్టినదో అమెరికా తూర్పుతీరమందలి ఒక చేప చరిత్ర చక్కగా తెలుపును.

ఆ చేప పేరు స్ట్రైప్డ్ బాస్. వెండివలె మెరయు దాని ప్రక్కలపై మొప్పలనుండి తోకవరకు ఏడెనిమిది నల్లని చారలుండును. మన గోదావరి పులసవలెనే ఇదియు సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు నదులలోనికి ఎదురీదును. చెసపీక్ అఖాతమున కలియు నదులు దీనికి ముఖ్యమైన పుట్టినిండ్లు. మగచేప రెండు మూడేండ్లకే ఈడేరును. ఆడచేపకు నాలుగు మొదలు ఎనిమిదేండ్లవరకు పట్టును. ఈ ఆలస్యమే ఈ జాతి కష్టములకు మూలమైనది. ఆడచేప తల్లి కాకమునుపే గాలమునకో వలకో చిక్కుటకు ఎన్నో ఏండ్ల వ్యవధి యున్నది గదా!

17వ శతాబ్దమున ఇంగ్లండునుండి వచ్చి మసాచుసెట్స్ తీరమున స్థిరపడిన వారికి ఈ చేపలు తరగని నిధివలె కనబడినవి. తిన్నంత తిని, మిగిలినవానిని పొలములకు ఎరువుగా వేసిరి. 1639లో అచటి శాసనసభ కాడ్, బాస్ చేపలను ఎరువుగా వాడరాదని ఆజ్ఞాపించెను. అమెరికాలో చేపల సంరక్షణకై చేయబడిన తొలి శాసనములలో ఇది యొకటి.

చిన్న చేపను జాగ్రత్తతో పట్టుకొన్నచో ఎంత ఫలితము కలుగునో 1879లో ఒక చిత్రమైన ప్రయోగమువలన వెల్లడియైనది. లివింగ్‌స్టన్ స్టోన్ అను మత్స్యశాస్త్రజ్ఞుడు న్యూజెర్సీలోని నావెసింక్ నదిలో పట్టిన చిన్న బాస్ చేపలను నీటితొట్లలో నుంచి, రైలుమీద ఖండమంతయు దాటించి కాలిఫోర్నియాకు చేర్చెను. అచట ప్రాణములతో నీటిలో విడువబడినవి 132 మాత్రమే. 1882లో మరి 300 వరకు చేర్చబడినవి. పడమటి తీరమున అంతకుముందు ఈ జాతియే లేదు. అయినను 1899 నాటికి అచటి జాలరులు ఏటికి పదిలక్షల పౌన్లకు మించి బాస్ చేపలను అమ్మగలిగిరి. కొన్ని వందల చేపలు బ్రతికి ఒక క్రొత్త మత్స్యసంపదను సృష్టించినవి.

కాని తూర్పుతీరమున కథ వేరుగా నడచినది. 1970 తరువాతి పది పదునైదేండ్లలో చెసపీక్ ప్రాంతమున స్ట్రైప్డ్ బాస్ వేగముగా క్షీణించెను. మితిమీరిన వేట ఇందుకు ముఖ్యకారణము. 1984లో అమెరికా కాంగ్రెసు ఈ చేప రక్షణకై ప్రత్యేకముగా ఒక చట్టము చేసెను. 1985 జనవరినుండి మేరీలాండ్ రాష్ట్రము దీని వేటను పూర్తిగా నిషేధించెను. వేటను అనుమతించిన రాష్ట్రములందు పట్టదగిన కనీస పరిమాణమును ఏటేట పెంచుచు వచ్చిరి. 1982లో పుట్టిన ఆడచేపలలో నూటికి 95 ఒక్కమారైనను గ్రుడ్లు పెట్టువరకు వానిని కాపాడుట దీని ఉద్దేశము. ఉపాయము ఫలించెను. 1990లో మేరీలాండ్ పరిమితముగా వేటకు అనుమతినిచ్చెను. 1995లో ఈ జాతి కోలుకొన్నదని ప్రకటింపబడినది.

ఈ విజయమే క్రొత్త చిక్కును తెచ్చినది. కనీస పరిమాణము పెరిగినకొలది, గాలమునకు చిక్కిన చేపలలో తిరిగి విడువవలసినవియే ఎక్కువైనవి. వాని గతి ఏమగుచున్నది?

గాలముతో పెనుగులాడి అలసిన చేప, పైకి గాయము కనబడకున్నను, కొన్ని గంటల తరువాత చనిపోవచ్చునని కెనడా శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ బ్లాక్ 1958లోనే వివరించి యుండెను. తీవ్రశ్రమవలన చేప కండరములందును, రక్తమందును లాక్టిక్ ఆమ్లము పేరుకొని, దేహమందలి ఆమ్ల సమతూకము చెదరును. 1992లో అదే దేశమున ఫెర్గూసన్, టఫ్ట్స్ అను వారు రెయిన్‌బో ట్రౌట్ చేపలతో పరీక్షలు చేసిరి. బాగుగా అలసినను నీటిలోనే యుంచిన చేపలలో నూటికి 12 మరణించినవి. అలసిన పిమ్మట 30 సెకనులు గాలిలో నుంచినవానిలో 38, ఒక నిమిషము నుంచినవానిలో 72 మరణించినవి! గాలిలో మొప్పల సున్నితమైన పొరలు ఒకదానికొకటి అంటుకొనుటచే, ఊపిరి మిక్కిలి అవసరమైన సమయముననే చేపకు ఊపిరి అందదు. ఛాయాచిత్రము కొరకు చేపను ఎత్తి పట్టుకొను ఆ ఒక్క నిమిషము ఎంత విలువైనదో దీనివలన తెలియగలదు.

మసాచుసెట్స్‌లో డయోడాటి, రిచర్డ్స్ అను వారు గాలముతో పట్టిన స్ట్రైప్డ్ బాస్ చేపలను ఒక ఉప్పునీటి మడుగులో విడిచి 58 దినములు పరిశీలించి, ఫలితములను 1996లో ప్రకటించిరి. నూటికి 9 చేపలు మరణించినవి. అయితే అన్ని చేపల కష్టము ఒక్కటి కాదు. అనుకూల పరిస్థితులలో నూటికి 3 మాత్రమే చనిపోవుననియు, ప్రతికూల పరిస్థితులలో 26 వరకు చనిపోవుననియు వారు లెక్కగట్టిరి. ఈ భేదమునకు కారణములలో గాలము ఎంత లోతున గ్రుచ్చుకొన్నదనునది యొకటి, పట్టినవాని అనుభవము మరియొకటి. అనగా చేప ప్రాణము కొంతవరకు మనుష్యుని చేతిలోనే యున్నది.

ఆ చేతికి కావలసిన నేర్పు కష్టమైనది కాదు. చేపను ఎక్కువసేపు ఆడించక త్వరగా దరికి లాగవలెను. వీలైనంతవరకు నీటిలోనే యుంచి గాలము తీయవలెను. తాకవలసివచ్చినచో చేతులు తడిచేసికొనవలెను. పొడిచేయి, ఎండిన గుడ్డ, వేడెక్కిన పడవ చెక్క చేప ఒంటిమీది జిగురు పొరను తుడిచివేయును. ఆ పొర చేపను రోగక్రిములనుండి కాపాడు కవచము. మొప్పలలో వ్రేళ్ళు దూర్చరాదు. దవడ పట్టి వ్రేలాడదీయక, పొట్టక్రింద రెండవ చేయి ఆనించవలెను. గాలమును లోతుగా మ్రింగినచో పెరికివేయక, దారమును దగ్గరగా కోసి విడుచుట మేలు. నీరు వెచ్చనైనకొలది అందు ప్రాణవాయువు తగ్గును గనుక వేసవిలో మరింత జాగ్రత్త కావలెను.

గాలపు ఆకారమును మార్చుటయు ఒక ఉపాయమే. మొన లోపలికి వంగియున్న గుండ్రని గాలమును చేప మ్రింగినను, దారము బిగిసినపుడు అది గొంతునుండి జారివచ్చి దవడమూలన పట్టుకొనును. పసిఫిక్ ద్వీపవాసులు పూర్వకాలముననే ఎముకతోను, ముత్యపు చిప్పతోను ఇట్టి గాలములు చేసిరి.

2019లో వెలువడిన అంచనా ప్రకారము స్ట్రైప్డ్ బాస్ మరల క్షీణదశకు వచ్చినది. 2020లో వినోదపు వేటకాండ్రు విడిచిన చేపలు సుమారు 3 కోట్లు. నూటికి తొమ్మిది చొప్పున వానిలో 27 లక్షలకు పైగా చనిపోయినట్లు లెక్క. ఆ సంవత్సరము వేటవలన నశించిన బాస్ చేపలలో సగమునకు మించినవి ఇట్లు విడిచినవియే! అందుచే తీరరాష్ట్రముల మత్స్యసంఘము, ఎరతో వేటాడువారు గుండ్రని గాలమునే వాడవలెనని 2021నుండి నియమము పెట్టినది. 2022లో ఆమోదించిన సవరణద్వారా ఈ చేపను కొక్కెపుకర్రతో పొడిచి పైకి లాగుటను నిషేధించినది. 2023లో సముద్రమున 28 అంగుళములకు లోబడిన పిల్లలనే గాక, 31 అంగుళములకు మించిన పెద్ద తల్లులను కూడ విడువవలెనని శాసించినది.

1639లో చట్టము చేపను ఎందుకు వాడరాదో చెప్పినది. తరువాత ఎంత పొడవుంటే పట్టవచ్చునో చెప్పినది. ఇప్పుడు దానిని ఎట్లు పట్టుకొనవలెనో చెప్పుచున్నది. కొలబద్ద చేపను విడువుమని మాత్రమే చెప్పగలదు. దానిని బ్రతికించునది తడిచేయి, ఓర్పు, త్వరితము.