నగర వృత్తి సేవల ఉత్పత్తి: లెక్కగట్టిన తీరు

వకీలు, ఆడిటర్, ఇంజినీరింగ్ సలహాదారు, సాఫ్ట్‌వేర్ నిపుణుడు అమ్మేది బస్తాల్లోకి ఎత్తే సరుకు కాదు. అందుకే ఈ వృత్తి సేవలకు విలువ కట్టడం జాతీయాదాయ లెక్కల్లో ఆలస్యంగా మొదలైంది. 1867-68కి దాదాభాయి నౌరోజీ వేసిన అంచనాలో తలసరి ఆదాయం సుమారు 20 రూపాయలు. అందులో పంటలు, గనులు, తయారీ సరుకులే తప్ప సేవలకు చోటు లేదు. జనగణన మాత్రం వృత్తిదారులను విడిగా నమోదు చేస్తూ వచ్చింది. అయితే అది తలల లెక్కే గాని సంపాదన లెక్క కాదు.

ఆ రెండింటినీ జతచేసిన ఘనత ఆర్థికవేత్త వి.కె.ఆర్.వి. రావుది. 1931-32 అంచనాలో ఆయన సాగు వంటి రంగాలకు ఉత్పత్తి విలువను, సేవలకు అందులో పనిచేసేవారి ఆదాయాన్ని తీసుకున్నారు. 1949లో గణాంకవేత్త మహలనోబిస్ అధ్యక్షతన, ఆర్థికవేత్త గాడ్గిల్, రావు సభ్యులుగా ఏర్పడిన జాతీయాదాయ కమిటీ కూడా ఈ బాటలోనే నడిచింది. పనివారి సంఖ్యను సగటు సంపాదనతో హెచ్చవేయడమే పద్ధతి. వేరే గతిలేని కాలంలో అది మెచ్చదగిన ఉపాయమే. కానీ హైకోర్టు సీనియర్ న్యాయవాదినీ, ఉదయగిరి వంటి చిన్న ఊళ్లో స్టాంపు కాగితాలు ముందేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరినీ ఒకే పద్దులో వేస్తే వచ్చే సగటు ఇద్దరిలో ఎవరికీ సరిపోదు.

లెక్కలోకి రావలసింది మొత్తం రాబడి కాదు, అదనంగా చేరిన విలువ. ఒక ఆడిట్ ఆఫీసుకు ఏడాదికి 20 లక్షల ఫీజులు వచ్చాయనుకుందాం. అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందా, ప్రయాణాలకు 6 లక్షలు పోతే మిగిలిన 14 లక్షలే ఆ ఆఫీసు ఉత్పత్తి. గుమాస్తాల జీతాలను ఇందులోంచి తీసేయరు, అవి కూడా ఆ విలువలో భాగమే. ఇక మరుసటి ఏడు ఫీజులు పెరిగితే, పని పెరిగిందా, రేటు పెరిగిందా అన్నది తేల్చాలి. సేవలకు తగిన ధరల సూచీ లేక చాలాకాలం వినియోగ, టోకు ధరల సూచీలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

హైదరాబాద్ ఎదుగుదలతో ఈ చిక్కులన్నీ ఒకచోట పోగుపడ్డాయి. 1998లో నాటి ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత నగరం పేరు చెబితే సాఫ్ట్‌వేర్ ఎగుమతుల అంకెలే ముందుకొచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన ఐటీ ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు, 2022-23లో 2,41,275 కోట్లు. వాటిలో అత్యధిక భాగం హైదరాబాద్‌దే. ఇవి అమ్మకాల అంకెలు. వీటిని నగర ఉత్పత్తిగా చదవడం తప్పు. పైగా బహుళజాతి సంస్థల సొంత కేంద్రాలు మాతృసంస్థకే బిల్లు వేస్తాయి. ఖర్చు మీద కొంత శాతం కలిపి నిర్ణయించుకునే ఆ ధర బజారులో తేలిన ధర కాదు.

2015లో వచ్చిన 2011-12 ఆధార సంవత్సర శ్రేణి, కంపెనీల వ్యవహారాల శాఖకు సంస్థలు సమర్పించే వార్షిక ఖాతాలను పెద్దఎత్తున వాడుకుంది. దీనితో కంపెనీల పనితీరు ముందుకన్నా నేరుగా కనబడింది. కానీ ఖాతా కంపెనీ మొత్తానికి ఒక్కటే ఉంటుంది. ముంబైలో రిజిస్టరై హైదరాబాద్‌లో పనిచేయించే సంస్థ విలువను రాష్ట్రాలకు పంచడానికి మళ్లీ అంచనాలే దిక్కు. 2016-17 సేవారంగ సర్వే ఆ కంపెనీల జాబితాను పట్టుకుని వెళ్తే, మూడో వంతుకు పైగా సంస్థలు మూతపడో, ఆచూకీ లేకో, వేరే వ్యాపారంలోనో తేలాయి. ఆ శ్రేణిలో ఈ రంగానికి పెట్టిన శీర్షిక సంగతి కూడా గమనించాలి. ‘స్థిరాస్తి, నివాస గృహాలు, వృత్తి సేవలు’ అన్న ఒకే పద్దులో ప్రోగ్రామర్ శ్రమతో పాటు, సొంతింట్లో ఉండేవారి పేర లెక్కగట్టే ఊహాత్మక అద్దె కూడా కలిసిపోయింది.

నగరం గణాంకాల్లో విడిగా ఉండకపోవడం ఇంకో సమస్య. అమెరికా 2007 నుంచి మహానగరాలవారీగా స్థూలోత్పత్తి ప్రకటిస్తోంది. మన దేశంలో రాష్ట్ర అర్థగణాంక శాఖలు జిల్లాలవారీ అంచనాలు వేస్తాయి. హైటెక్ సిటీ ఉన్నది రంగారెడ్డి జిల్లాలో. 2016 అక్టోబర్ జిల్లాల పునర్విభజనతో అందులోంచి మేడ్చల్-మల్కాజిగిరి విడిపోయింది. కాబట్టి నగర ఉత్పత్తి కనీసం మూడు జిల్లాల పట్టికల్లో చెదిరి ఉంటుంది. నెల్లూరు జిల్లా జలదంకిలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేసే ఉద్యోగి విలువ కూడా కంపెనీ చోటికే చేరుతుంది. అతడి జీతం ఆ జిల్లాలో ఖర్చవుతుందన్న సంగతి ఉత్పత్తి పట్టికలో కనిపించదు.

2017 జులైలో మొదలైన జీఎస్టీ నమోదు ఈ రంగానికి తాజా చిరునామాల జాబితాను సమకూర్చింది. 2024లో కేంద్ర గణాంక శాఖ సేవా సంస్థలపై జరిపిన ప్రయోగాత్మక సర్వేకు నమూనాను ఆ జాబితా నుంచే తీసుకున్నారు. ఇక జిల్లా అంచనాల సంగతికొస్తే, 2025 జనవరి నుంచి జాతీయ నమూనా సర్వేలు జిల్లాను మౌలిక విభాగంగా తీసుకుంటున్నాయి.