గుఱ్ఱములలో రోహిణి

దేవకి గర్భమందలి పిండము రోహిణి గర్భమును చేరి బలరాముడైన కథను మన మెరుగుదుము. 1890లో వాల్టర్ హీప్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు అంగోరా కుందేటి పిండములను వేరొక జాతి కుందేటి గర్భమున నుంచెను. ఆమె తన 4 పిల్లలతోబాటు 2 అంగోరా పిల్లలను కనెను. మోసినతల్లి పోలిక వానికి సోకలేదు.

ఆడగుఱ్ఱము 11 నెలలు మోసి సాధారణముగా ఒక్క పిల్లనే ఈనును. మేలుజాతి తల్లికి ఎక్కువ సంతతి కావలెనన్న వేరు గర్భమే శరణ్యము. గుఱ్ఱపు పిండములను కుందేటి కడుపున దాచి కేంబ్రిడ్జి నుండి పోలెండుకు పంపిన వృత్తాంతము 1976లో ప్రకటితమైనది.

మన దేశమున మార్వాడీ గుఱ్ఱములు తరిగిపోవుచుండగా, 2023 మే 19న బికనీరు పరిశోధన కేంద్రమున, 7.5 దినముల పిండమును మార్చినందున, 23 కిలోల ‘రాజ్ ప్రథమ’ జన్మించినది. వంశము ఒక తల్లిది; 11 నెలల భారము వేరొక తల్లిది. జాతి నిలిచినదని సంతసించునపుడు ఈ రోహిణిని మనము మరువరాదు.