ఊహింపరాని యుద్ధము

మహాభారతము ఆదిపర్వములో నారదుడు పాండవులకు సుందోపసుందుల కథ చెప్పెను. వారు ఒక్క ప్రాణముగ మెలగిన అన్నదమ్ములు. కలసి మూడు లోకములను జయించిరి. జయించుటకు మరేమియు మిగులని వేళ తిలోత్తమ వారి కంటబడినది. ఒకరి చేత నొకరు నేలగూలిరి. శత్రువు ఉన్నంతకాలము నిలిచిన చెలిమి, శత్రువు పోయిన పిదప నిలుచునా? 1945 వేసవిలో ఐరోపా ఖండము ఎదుట నిలిచిన ప్రశ్న ఇదియే. ఆ ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన సమాధానము మనకు తెలియును. ఇయ్యబోయి మానుకొన్న సమాధానమును గూర్చి నేడు ముచ్చటించుకొందము.

1945 ఏప్రిల్ 25న ఎల్బ్ నదీతీరమున టోర్గా పట్టణము కడ అమెరికను సైనికులును, సోవియట్ సైనికులును చేతులు కలిపిరి. మరి రెండు వారములకే జర్మనీ లొంగిపోయినది. కాని చేతులు కలిసినంత సులభముగా మనసులు కలియలేదు. పోలండు కొరకే బ్రిటన్ 1939లో యుద్ధమున దిగెను. ఆ దేశమున స్వేచ్ఛగా ఎన్నికలు జరుగునని ఫిబ్రవరిలో యాల్టాలో ఒప్పందము కుదిరెను. యుద్ధము ముగియు నాటికి పోలండు సోవియట్ సేనల అధీనములో నుండెను. రూజ్వెల్టు ఏప్రిల్ 12న కన్నుమూసెను. అమెరికను సేనలు పసిఫిక్ రంగమునకు తరలుటకు సన్నద్ధమగుచుండెను. రష్యను సేనల ముందు ఒక ఇనుప తెర దిగినదని మే 12న చర్చిల్ అధ్యక్షుడు ట్రూమన్‌కు తంతి పంపెను.

ఆ దినములలోనే ఆయన తన సైనిక ప్రణాళికాధికారులకు ఒక రహస్యమైన పని అప్పగించెను. రష్యాపై యుద్ధము చేయవలసివచ్చినచో ఏమగును? లెక్క గట్టి చెప్పుడని ఆజ్ఞ. దానికి పెట్టిన సంకేతనామము 'అన్‌థింకబుల్', అనగా ఊహింపరానిది. నివేదిక మే 22న సిద్ధమైనది. దాడికి ఊహించిన దినము జులై 1. పోలండుకు న్యాయము చేకూర్చుటకై రష్యా చేత తమ మాట వినిపించుకొనుట దాని లక్ష్యము.

ఆ లెక్కలను ఒకపరి చూతము. దాడికి దొరకగల బ్రిటిష్, అమెరికను డివిజనులు 47. వానికి ఎదురు నిలువగల సోవియట్ బలము 170 డివిజనులకు సమానము. ఈ కొరత తీర్చుటకు అధికారులు సూచించిన ఉపాయము విన్నచో నేటికిని ఒడలు జలదరించును. ఓడిన జర్మను సైనికులకే మరల ఆయుధములిచ్చి 10 డివిజనులు నిలుపవచ్చునట! నిన్నటి దాక ఎవనితో పోరాడితిమో వానినే వెంటబెట్టుకొని, నిన్నటి దాక ఎవనితో కలసి పోరాడితిమో వానిపైకి నడువవలెను.

ఒకవేళ జులై 1 ఉదయమున ఆ దాడి జరిగియే యుండినచో? ఓడెర్ నది ఆవల మహత్తరమైన టాంకుల సమరము తప్పకపోవును. అందు గెలిచినను యుద్ధము ముగియదు. 1942లో హిట్లరు సేనలు రష్యాలో ఎంతో లోతునకు చొచ్చుకొనిపోయియు ఫలితము తేల్చలేకపోయెను. అంతకంటె లోతునకు పోవలసియుండునని నివేదికయే ఒప్పుకొన్నది. రష్యా జపానుతో చేతులు కలుపునేమో యను భయమును అందు కలదు. అణుబాంబు ఆ లెక్కలలో లేదు. దాని తొలి పరీక్షయే జులై 16న జరిగినది. ఇక జులై 5న బ్రిటన్‌లో ఎన్నికలు. ఇండ్లకు పోవు దినము కొరకు వేచియున్న సైనికుడు ఈ క్రొత్త పోరునకు కారణ మేమని అడిగినచో ఎవరు సమాధానము చెప్పగలరు?

ఇది పరదేశపు గాథ యని మనము తోసిపుచ్చరాదు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు మన విశాఖపట్టణముపై, కాకినాడపై పడినవి. ఆ యుద్ధకాలమున 25 లక్షల మంది భారతీయులు సైన్యములో చేరిరి. మన 4వ, 8వ, 10వ డివిజనులు ఇటలీలో పోరాడెను. ఇరాన్, ఇరాక్ ప్రాంతములలో రష్యను సేనల ఎదుట నిలువవలసినవి భారతీయ దళములే. మన అనుమతి అడుగకయే 1939లో మనలను యుద్ధములో దింపినవారు, రెండవమారు మాత్రము అడుగుదురా? కాంగ్రెసు నాయకులు చెరసాలల నుండి విడుదలై, జూన్ 25న సిమ్లాలో సమావేశము మొదలైన ఆ వేళ, మరియొక మహాసంగ్రామము రేగియుండినచో మన స్వాతంత్ర్యము ఎన్ని సంవత్సరములు వెనుకకు జరిగియుండెడిదో!

అట్లు జరుగలేదు. జూన్ 8న సేనాధిపతులు ప్రధానికి సమాధానమిచ్చిరి. మొత్తము బలములు ఇటు 103 డివిజనులు, అటు 264. పోరు ఆరంభమైనచో త్వరితమైన, పరిమితమైన విజయము తమ వశములో ఉండదనియు, దీర్ఘయుద్ధములో చిక్కుకొందుమనియు స్పష్టముగ వ్రాసిరి. రెండు దినములకు చర్చిల్ దాడి మాట విడిచి, అమెరికనులు మరలిపోయినచో తమ ద్వీపమును కాచుకొనుట యెట్లో చూడుడని కోరెను. ఇది ముందు జాగ్రత్త కొరకు చేయు విచారణ మాత్రమేయని అందరికి తెలియుటకు ఆ సంకేతనామమునే ఉంచుమనెను. జులై 26న ఎన్నికల ఫలితములు వెలువడి ఆయన పదవి కోల్పోయెను. ఆ కాగితములు లోకమునకు తెలిసినది 1998లో.

ఆ నిర్ణయమునకు మూల్యము లేకపోలేదు. దానిని చెల్లించినది పోలండు. 1947 జనవరిలో అచట జరిగిన ఎన్నికలు స్వేచ్ఛగా జరుగలేదు. ప్రజలు తమ మాట చెల్లించుకొనుటకు 1989 దాక వేచియుండవలసివచ్చెను. ఆ అన్యాయమును మనము తేలికగ తీసివేయరాదు. కాని దానిని సరిదిద్దెదమని అలసిన ఖండమును మరల రగిల్చియుండినచో, తొలుత బూడిదయగునది పోలండు నేలయే. నివేదిక నిర్ణయించిన రణరంగము అదియే గదా!

మిత్రుల నడుమ అనుమానము పుట్టుట వింత కాదు. కోరినది పాలకుడైనను, ఆయనకు రుచించు మాట గాక లెక్క చెప్పిన మాటనే వ్రాసిన అధికారులుండుటయు, అది చదివి వెనుకకు తగ్గిన పాలకుడుండుటయు ఆనాటి లోకము చేసికొన్న పుణ్యము. సుందోపసుందుల సభలో అట్టి మాట చెప్పువాడు లేకపోయెను. పాండవులకు నారదుడు చెప్పెను. వారు విని, తమలో తాము ఒక నియమమేర్పరచుకొనిరి.