రాయిలో దాగిన జ్వరం

హైదరాబాద్ చిక్కడపల్లి సందుల్లో ఎవరికైనా కిడ్నీలో రాయి ఉందని తెలిస్తే చాలు, ఇరుగుపొరుగు వైద్యం మొదలవుతుంది. బార్లీ నీళ్లు, ఉలవ కట్టు, కొండపిండి ఆకు కషాయం, నారాయణగూడ మందుల షాపులో అడిగి కొనే సిట్రేట్ సిరప్. పొద్దంతా కుర్చీలకు అతుక్కుపోయి నీళ్లు తాగడం మరిచే అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలకూ ఇవే సలహాలు. నీళ్లు ఎక్కువ తాగమనడం మంచి మాటే. కానీ రాయికి చలిజ్వరం తోడైతే కథ వేరు. మూత్రం అడ్డుపడి, అందులోని క్రిములు నెత్తురులోకి ఎక్కవచ్చు. గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు.

ఈ సంగతి తెలిసేందుకు చాలా కాలం పట్టింది. మొదటి సమస్య కోతే. మత్తు లేని రోజుల్లో రాయి తీయడమంటే రోగిని నలుగురు గట్టిగా పట్టుకోగా నిమిషాల్లో కోసి ముగించడమే. ఆ తొందరను తగ్గించిన మత్తుమందు క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు పని చేసింది ఈ హైదరాబాద్‌లోనే, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో.

కత్తి బాగుపడినా క్రిమి మిగిలింది. 1885లో గుస్తావ్ హౌసర్ పేరుపెట్టిన ప్రోటియస్ అనే క్రిమి, మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. మూత్రం క్షారమై మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసి రాయి కడతాయి. జింక కొమ్ముల్లా కిడ్నీ నిండా పాకే ఆ రాయి లోపల కూడా క్రిములుంటాయి, మందు అక్కడిదాకా సరిగా చేరదు. మూత్రాన్ని ఇంకా క్షారం చేసే సిట్రేట్ సిరప్ ఈ రకం రాయికి మేలు చేయదు.

ఈ సందర్భంలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోవాలి. నెత్తురులో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు సాయంతో కొలిచే పద్ధతిని ఆయన 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి అందించారు. ఆయన సారథ్యంలోని లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో క్రిములను అది లొంగదీసింది. ప్రోటియస్ మాత్రం దానికీ సులువుగా లొంగే రకం కాదు.

ఇంకా అరుదైన క్రిములూ ఉన్నాయి. ఏరోకాకస్ యూరినేకు 1992లో గానీ పేరు రాలేదు. మైక్రోస్కోపు కింద స్టాఫిలోకాకస్‌లా గుంపులుగా, కల్చర్ ప్లేటు మీద స్ట్రెప్టోకాకస్‌లా కనబడి అది ల్యాబులను ఏమార్చింది. వృద్ధుల మూత్రనాళం నుంచి నెత్తురులోకి, అక్కణ్నుంచి గుండె కవాటాల దాకా వెళ్లగలదు. అందుకే వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే చర్మం శుభ్రంగా తుడిచి, నెత్తురు తీసి కల్చర్ సీసాల్లో పోస్తారు. మూత్రం అడ్డుపడి ఉంటే స్టెంటో గొట్టమో వేసి వెంటనే దారి చేస్తారు. రాయి తీసేది ఇన్ఫెక్షన్ తగ్గాకే.